నాట్యం నేర్చుకునే పిల్లకు ఈ వేసవిలో తరగతి బయట ఏం చూపించాలి? (బరంపురం, గంజాం జిల్లా)

బరంపురం తల్లి:

అందరికీ నమస్కారం. మేము బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. మా పెద్దమ్మాయికి పదమూడేళ్లు. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. వాళ్ల టీచరుగారు ఏటా వేసవిలో సొంత ఊరు వెళతారు కనుక, సెలవులంతా తరగతులు ఉండవు. ఈ ఏడాది జయదేవుని దశావతారాలు మొదలుపెట్టారు. అడుగులూ హస్తాలూ కుదిరాయి గాని, అభినయం దగ్గరకు వచ్చేసరికి టీచరుగారి ముఖాన్ని చూసి అనుకరించడం తప్ప తనదంటూ ఏమీ కనిపించడం లేదు. నరసింహావతారం చేసేటప్పుడు కళ్లు పెద్దవి చేసి నాలుక బయటపెడుతుంది, అంతటితో నరసింహుడు అయిపోతాడు. "అడుగు వచ్చింది, ఇక లోపలి సంగతి రావాలి, అది నేను గదిలో కూర్చోబెట్టి నేర్పగలిగేది కాదు" అని టీచరుగారే వెళ్లేముందు అన్నారు.

బంధువులు విశాఖపట్నంలో వేసవి శిబిరానికి పంపమంటున్నారు. ఇక్కడే ఉన్నాం కదా, ఈ రెండు నెలలూ ఒడిస్సీ కూడా నేర్పిద్దామని మా వారి అభిప్రాయం. నాకు ఈ రెండూ అంతగా రుచించలేదు. మన గంజాం నుంచి శ్రీకాకుళం దాకా చూడదగినవి చాలా ఉన్నాయని వింటూ పెరిగాను గాని, వాటిలో ఏది ఆ పిల్ల నాట్యానికి నిజంగా పనికివస్తుందో, ఏది ఊరికే తిరుగుడవుతుందో తెలియదు. ఇంట్లో అత్తగారూ మామగారూ పెద్దవాళ్లు, వాళ్లను వదిలి ఒకటి రెండు రోజులకు మించి బయట ఉండలేను. ఎండలు ఎలాగూ ఉన్నాయి. ఇంకొక మాట, పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతుంది కాబట్టి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. తెలిసినవారు దారి చూపించగలరు.

నట్టువాంగం, పర్లాకిమిడి:

అమ్మా, నేను ఇక్కడ పిల్లలకు కూచిపూడి నేర్పుతాను కాబట్టి మీ ప్రశ్న ప్రతి ఏడాదీ ఏదో ఒక తల్లి నుంచి నాకు వస్తూనే ఉంటుంది. మీరు అదృష్టవంతులు, ఎందుకంటే పిల్ల నేర్చుకుంటున్న అంశమే మీకు దారి చూపిస్తోంది. ఈ వేసవిలో పది రకాల వస్తువులు చూపించే ఆలోచన పెట్టుకోకండి. ఆ దశావతారాల్లోని ఒక్క నరసింహుణ్ణి పట్టుకుని, ఆయన మన ప్రాంతంలో ఎక్కడెక్కడ ఎలా ఉన్నాడో చూపించండి, చాలు.

అన్నిటికంటే ముందు చూపించవలసింది మీ గంజాం సొత్తయిన ప్రహ్లాద నాటకం. 19వ శతాబ్దంలో జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ పేరున వెలువడిన ఆటగా దీన్ని చెబుతారు. ఆ జలంత్ర ఈనాడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది కాబట్టి, రాష్ట్రాల సరిహద్దు తరువాత వచ్చింది గాని ఆట మాత్రం రెండు వైపులదీ అని నేను అనుకుంటాను. పాటలు ఒడియాలో సాగుతాయి, మధ్య మధ్య సంస్కృత శ్లోకాలు వస్తాయి, మీ అమ్మాయికి ఒడియా చదువు ఉంది కనుక మన పిల్లలకంటే తనకే ఎక్కువ అర్థమవుతుంది. వేదికకు ఒక చివర మెట్లు మెట్లుగా ఎత్తైన చెక్క పీఠం కడతారు. హిరణ్యకశిపుడు దాని పై మెట్టున కూర్చుంటాడు. కోపం వచ్చినప్పుడు ఆ మెట్లు దిగుతూ పాడతాడు, ఆడతాడు, మళ్లీ ఎక్కుతాడు. గది నేల మీద ఆడిన పిల్లకు, ఒక రాజు కోపం ఎంత ఎత్తు నుంచి దిగి వస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆ నటుడి కాళ్లనే చూడమని చెప్పండి. ముఖం చూడమని చెప్పకండి, అది ఎలాగూ చూస్తుంది.

తెల్లవారుతుండగా నరసింహుడు వచ్చే ఘట్టం దీనికి ప్రాణం. నరసింహుడి ముఖోటాకు, అంటే ముఖానికి పెట్టుకునే తొడుగుకు, పూజ ఉంటుంది. అది ధరించిన నటుడికి ఆవేశం వస్తుందనే నమ్మకంతో పక్కన మనుషులు ఆయనను పట్టుకుని నిలబడతారు. మన పిల్లలు నరసింహుణ్ణి ఒక భంగిమగా నేర్చుకుంటారు. అక్కడ ఆయన ఊరి జనం భయపడి చేతులు జోడించే దేవుడు. నాలుక బయటపెట్టడానికీ దానికీ ఉన్న తేడాను ఏ టీచరూ మాటల్లో చెప్పలేరు. ఆ తరువాత మన కూచిపూడి వారి ప్రహ్లాద యక్షగానం ఎక్కడైనా వీడియోలో దొరికితే పక్కపక్కన పెట్టి చూపించండి, ఒకే కథలో పాత్ర ఎలా ప్రవేశిస్తోందో, పాట ఎవరు పాడుతున్నారో పోల్చుకోమనండి.

రెండవది సింహాచలం. శిబిరం కోసం కాదు గాని, దీని కోసం విశాఖకు ఒకసారి వెళ్లవచ్చు. అక్కడి వరాహ నరసింహస్వామికి ఏడాది పొడవునా చందనం పూసి ఉంటుంది, వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజు మాత్రమే నిజరూప దర్శనం. ఆ రోజు జనసముద్రం, పిల్లతో వెళ్లవద్దు. మామూలు రోజే మంచిది. ఎందుకంటే ఆ మామూలు రోజున కనిపించేది కళ్లూ కోరలూ ఏవీ కనిపించని, చందనంతో కప్పిన నరసింహుడు. ఉగ్రాన్ని ఇంత చల్లగా దాచిపెట్టి పూజించే పద్ధతి ఒకటి ఉందని చూసిన పిల్ల, దశావతారాల్లోని ఆ నరసింహ చరణం చివర చూపు ఎక్కడ శాంతించాలో తానే వెతుక్కుంటుంది. నా శిష్యుల్లో ఈ మార్పు నేను చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

దారిలో శ్రీకూర్మం ఎలాగూ ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆముదాలవలసలో ఉంటుంది, అక్కడ దిగి వెళ్లవచ్చు. కూర్మావతారానికి ఇంత పెద్ద ఆలయం అరుదు, మూలమూర్తి పడమటి ముఖంగా ఉంటుంది, ప్రదక్షిణ మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలు, స్తంభాల నిండా గాంగరాజుల కాలం నుంచి వచ్చిన తెలుగు, సంస్కృత శాసనాలు ఉన్నాయి. చిత్రాలు చాలావరకు వెలిసిపోయాయి, ముందే చెబితే నిరాశపడదు.

మీ వారి ఒడిస్సీ ఆలోచన గురించి కూడా చెప్పాలి. ఒడిస్సీ గొప్ప నాట్యం, అందులో నాకు సందేహం లేదు. కాని రెండు నెలల కోసం 'చౌక' అనే ఒడిస్సీ నిలువు నేర్చుకున్న పిల్ల తిరిగి మా దగ్గరకు వచ్చేసరికి కూచిపూడి నిలువైన అర్ధమండలి పాడైపోతుంది, రెండింటిలోనూ మోకాలు వంగుతుంది గాని బరువు నిలిచే చోటు వేరు. నేర్పించవద్దు, కూర్చోబెట్టి చూపించండి. అందులోనూ దశావతారాలు ఉన్నాయి, ఒకే చరణాన్ని ఆ నాట్యం ఎలా చెబుతుందో చూస్తే చాలు.

సోంపేట వాసి:

పై సమాధానంతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక. సెలవులు ఇచ్చాక చూద్దామనుకుంటే గంజాంలో అసలైన కాలం దాటిపోతుంది. దండనాట అనే మొక్కుబడి ఆట చైత్రంలో మొదలై మేష సంక్రాంతితో, అంటే ఏప్రిల్ 13 లేదా 14తో ముగుస్తుంది, బళ్లకు సెలవులు ఇచ్చేది ఆ తరువాతే. కాబట్టి ఒక శనివారం రాత్రి కేటాయించండి.

మొక్కుకున్న భోక్తలు పదమూడు నుంచి ఇరవై ఒక్క రోజుల దాకా ఇల్లు విడిచి, నియమంతో ఊరూరా తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మాడే దుమ్ములో పొర్లుతారు, దానిని ధూళి దండ అంటారు, సాయంత్రం చెరువులో పాణి దండ, రాత్రి నిప్పుతో అగ్ని దండ. ఆ తరువాత ఆట మొదలవుతుంది, హరపార్వతులు వస్తారు, పిట్టలు పట్టే చడెయా చడెయాణి వస్తారు, శబర దంపతులు వస్తారు, డోలూ, సన్నాయి లాంటి మహురీ తెల్లవార్లూ మోగుతూనే ఉంటాయి. ఆడవేషాలన్నీ మగవాళ్లవే. కూచిపూడిలో కూడా ఇదే సంప్రదాయం ఉండేదని, సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) జగత్ప్రసిద్ధులని మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే అదీ ఈ వేసవిలో తెలుసుకోవాలి. చడెయాణి వేషగాడు తల మీద కొంగు సర్దుకునే తీరు చూడమనండి. మూరెడు గుడ్డ, ఒక్క చేతి కదలిక, అంతలో ఆడదై నిలబడతాడు. నేను ఏటా ఆ ఒక్క క్షణం కోసమే మా ఊరి నుంచి బయలుదేరతాను.

మధ్యాహ్నపు ధూళి దండకు పిల్లను నిలబెట్టనవసరం లేదు. పెద్దవాళ్లకే కళ్లు బైర్లు కమ్ముతాయి.

వంశధార ఒడ్డున:

నేను నాట్యం నేర్చుకున్నవాణ్ణి కాను, గుళ్ల శిల్పాలు చూడడం నాకు వ్యసనం. పర్లాకిమిడి దాకా వచ్చేవారు శ్రీముఖలింగం చూడకుండా వెనక్కి వెళ్లడం నాకు బాధ కలిగిస్తుంది. వంశధార ఒడ్డున తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం అది. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లు. స్వామి ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం, మధుకమంటే ఇప్ప. అందరూ మధుకేశ్వరుణ్ణి దర్శించుకుని వెళ్లిపోతారు. మీరు మాత్రం ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయం దగ్గర ఆగండి. దానికి ముందు మండపం లేదు, గోపురం ఒక్కటే నేల నుంచి లేచి నిలబడుతుంది, అందువల్ల గోడల మీద శిల్పాలన్నీ పగటి వెలుగులో నేరుగా కనిపిస్తాయి. ఉదయం ఏడు గంటలకు పక్కవాటుగా ఎండ పడినప్పుడు నడుము వంపూ మోకాలి మడతా నీడతో సహా తేలతాయి, పదిగంటలకు వెళితే అవే శిల్పాలు చప్పగా ఉంటాయి.

ఫోను ఇంట్లో పెట్టించి, చేతికి ఒక పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. బొమ్మ బాగా రానక్కరలేదు. తల ఎటు, నడుము ఎటు, బరువు ఏ కాలి మీద, ఈ మూడు గీతలు గీస్తే చాలు. ఒక బొమ్మ దగ్గర పావుగంట కూర్చుంటే తప్ప ఆ మూడూ కనపడవు. తరువాత ఇంటికి వచ్చి అదే నిలువులో తాను నిలబడి చూసుకోవాలి. రాతిలో సుఖంగా కనిపించినది ఒంట్లో ఎంత కష్టమో తెలుస్తుంది.

కోణార్క కూడా ఇదే గాంగవంశం వారిదే, 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించాడు. అక్కడి నాట్యమండపం చుట్టూ నర్తకులూ మద్దెలవాళ్లూ బారులు తీరి ఉంటారు. అయితే మే నెలలో ఆ రాళ్ల మధ్య నడవడం శిక్షే. అక్కడి నృత్యోత్సవం కూడా డిసెంబరులోనే జరుగుతుంది కాబట్టి దాన్ని చలికాలానికి వాయిదా వేయమంటాను. ఈ వేసవికి ముఖలింగం చాలు.

పాత గజ్జెలు:

అందరూ మంచి సలహాలే ఇచ్చారు గాని, ఇవన్నీ చేస్తే ఆ పిల్లకు సెలవులు ఎక్కడివి? నేను పదిహేనేళ్లు ఆడి, మోకాలి వల్ల ఆపేసినదాన్ని. ఎదిగే వయసులో ఒళ్లు కూడా కొంత విశ్రాంతి కోరుతుంది. ఒక ఊరు చూసి వస్తే పది రోజులు దాని ఊసెత్తకండి. "ఏం నేర్చుకున్నావు" అని అడగకండి, వ్యాసం రాయించకండి, అన్నిటికంటే ముఖ్యంగా గుడి మెట్ల మీద భంగిమ పెట్టించి రీల్స్ తీయకండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అరగంట అడవులు, అంటే అడుగుల వరుసలు, మూడు కాలాల్లో (వేగాల్లో) వేసుకుంటే చేయి జారిపోదు. అంతకు మించి అభ్యాసం వద్దు.

తెలుగు అక్షరాల సంగతి మాత్రం నన్ను కలవరపెట్టింది. జయదేవుడు సంస్కృతం కాబట్టి ఇప్పుడు గడిచిపోతుంది. రేపు భామాకలాపం దరువులూ క్షేత్రయ్య పదాలూ వచ్చినప్పుడు ఏం చేస్తుంది? ఒడియా లిపిలో రాసుకుని పాడే పిల్లలను నేను చూశాను. ఎక్కడ విరుపు వస్తుందో తెలియక మాట మధ్యలో ఊపిరి తీసుకుంటారు, ముఖం కూడా అక్కడే తెగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారన్నారు కదా, అదే మీకు అన్నిటికంటే పెద్ద ఆస్తి. రోజూ సాయంత్రం తాతగారి దగ్గర పోతన ప్రహ్లాద చరిత్ర నుంచి ఒక్క పద్యం. తాతగారు చదవాలి, పిల్ల తన చేత్తో తెలుగులో రాసుకోవాలి. హిరణ్యకశిపుడు అడిగే ప్రశ్నకూ ప్రహ్లాదుడు చెప్పే జవాబుకూ గొంతు ఎలా మారుతుందో పెద్దవాళ్లు చదివితే దానంతట అదే వినిపిస్తుంది. దీనికి రైలు టిక్కెట్టు కూడా అక్కరలేదు.

బరంపురం తల్లి:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పోతన పద్యాల మాట చెప్పగానే మా మామగారు అటక మీది భాగవతం దింపించారు, ఆ పని రేపటి నుంచే మొదలవుతుంది. రెండు సందేహాలు మిగిలాయి. దండనాటకూ ప్రహ్లాద నాటకానికీ రాత్రంతా ఆడపిల్లతో కూర్చోవడం ఎలా? మా వారు తోడు వస్తారు గాని, అంతసేపు పిల్ల మేలుకుంటుందా? రెండవది, బరంపురంలోనే, ఊరు దాటకుండా, చూడదగినది ఏమైనా ఉందా? ఠాకురాణి అమ్మవారి యాత్ర ఈ ఏడాది లేదు.

నట్టువాంగం, పర్లాకిమిడి:

తెల్లవార్లూ మేలుకోవలసిన అవసరం లేదమ్మా. ఆ ఆటలు చూసే ఊరి పిల్లలందరూ మధ్యలో చాప మీద నిద్రపోయి, డోలు జోరు పెరగగానే లేచి కూర్చుంటారు, మీ పిల్ల కూడా అంతే. ఆట ఉన్న ఊళ్లో తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి ముందే చూసుకోండి, ఆడవాళ్లు కూర్చునే వైపున మీరూ కూర్చోండి. ప్రహ్లాద నాటకానికైతే నరసింహుడు ఏ వేళకు వస్తాడో ఆడించేవాళ్లను అడిగి, పిల్లను సాయంత్రమే నిద్రపుచ్చి, ఆ వేళకు లేపి తీసుకువెళ్లినా తప్పులేదు. వీలైతే వేషాలు వేసుకునే చోటుకు ముందుగా వెళ్లి, అనుమతి అడిగి, దూరంగా నిలబడి చూడనివ్వండి. రంగు పూసుకుంటున్న మనిషి ఎప్పటి నుంచి మాట్లాడడం మానేస్తాడో గమనించమనండి.

ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి వస్తుంది కాబట్టి వచ్చే ఏడాది పులివేషాలూ మిగిలిన వేషాలూ వదలకుండా చూపించండి. ఈ ఏడాదికి ఆ యాత్రను నడిపించే వీధికే వెళ్లవచ్చు. బుఢీ ఠాకురాణి అమ్మవారు తాత్కాలికంగా వచ్చి కొలువుండేది దేశీ బెహరా వీధిలో. ఆ బాధ్యత వహించే దేరా కులంవారు పట్టు నేతగాళ్లు, మహురి సంస్థానం రాజుల కాలంలో రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని అంచులోని గుడిగోపురాల వరుసను ఫొడా కుంభ అంటారు. ఇంకా మగ్గం ఆడుతున్న ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఇంటివారిని అడిగి ఒక ఉదయం కూర్చోబెట్టండి. మన ఆహార్యంలో, అంటే నాట్య దుస్తుల్లో, విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్లకు ఈ అంచు ఎంత వెడల్పు ఉండాలో, కాలు చాచినప్పుడు గోపురాలు తలకిందులు కాకుండా ఎలా కుట్టించాలో నేతగాడికీ దర్జీకీ తెలిసినంతగా మాకు కూడా తెలియదు. వచ్చే ప్రదర్శనకు దుస్తులు ఎలాగూ కుట్టించాలి కదా, గుడ్డను పిల్లచేతనే ఎంపిక చేయించండి.

సోంపేట వాసి:

ఈసారి దండనాటకు మీకు వీలు పడకపోతే, మా వైపు గొల్లల తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం వాళ్ల భామాకలాపం వేసవి జాతరల్లో ఆడుతుంటారు. తప్పెటగుళ్లలో గుండె మీద కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గెంతుతూ, పాడుతూ, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. ఊపిరి ఎక్కడి నుంచి వస్తుందో మీ అమ్మాయే వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు, వాళ్లు సంతోషంగా చెబుతారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు బంధువులుంటే జాతర తేదీలు వాళ్లనే అడగండి. వీటికి కరపత్రాలు వేయరు, నాలుగు రోజుల ముందు ఊళ్లో డప్పు వేయించడమే ఆహ్వానం.